ఏడో నంబరు రాయి

పొక్లెయిన్ తొట్టిలో కూర్చుని పిన్ని తాపీగా బఠాణీలు ఒలుస్తోంది.

తొట్టి నేలకు మూడడుగుల ఎత్తున ఆగి ఉంది. దాని ఇనప పళ్లు పిన్ని ఇంటి గోడకు జానెడు దూరంలో ఉన్నాయి. ఒలిచిన తొక్కలు ఒక్కొక్కటే ఆ పళ్ల సందుల్లోంచి ఇసుకలోకి రాలుతున్నాయి. డ్రైవరు ఇంజను ఆపేసి, సీట్లోంచి సగం బయటకు వంగి బతిమాలుతున్నాడు.

"అమ్మా, మీరు దిగితే నా పని నేను చేసుకుంటాను."

"చేసుకో నాయనా. నేనేమన్నా వద్దన్నానా?"

"తొట్టిలో కూర్చున్నారు కదమ్మా!"

"ఖాళీగా ఉంది కదాని కూర్చున్నా. నీకు అంత అవసరమైతే కాసేపాగి రా."

స్కూటరు స్టాండు కూడా సరిగ్గా వేయకుండా పరిగెత్తుకొచ్చిన టేపమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆమె పట్టణ కార్యాలయంలో సర్వేయరు. చిన్నప్పుడు మంచాలూ గుమ్మాలూ మొదలుకుని పక్కింటి పిల్లి తోక దాకా కొలిచేది కనక ఇంట్లోవాళ్లు పెట్టిన పేరది. ఇప్పుడు అసలు పేరు ఆఫీసు రిజిస్టరులో తప్ప ఎక్కడా మిగల్లేదు.

"పిన్నీ, ముందు దిగు!"

"ముందు నువ్వు ఆ ఆర్డరు ఆపించు. అప్పుడు దిగుతాను."

టేపమ్మ వాచీ చూసుకుంది. పదీ ఐదు. ఆర్డరులో రాసిన గడువు పన్నెండు.

ఆ సరస్సు ఒడ్డున కట్టడాలకు ఒకే ఒక్క పెద్ద నిబంధన ఉంది. నీళ్లు ఒక ఏడు ముందుకొస్తాయి, ఒక ఏడు వెనక్కిపోతాయి. వాటిని నమ్ముకుని హద్దు గీయలేరు. అందుకే ఎప్పుడో ఒక పాత హెడ్ సర్వేయరు, నీళ్లు ఎన్నడూ దాటని చోటు చూసి ఒడ్డు పొడవునా పన్నెండు రాళ్లు పాతించాడు. రాయికి ఇవతల ముప్పై మీటర్ల వరకు ఎవరూ ఇల్లు కట్టకూడదు. ఆడుకోవచ్చు, ఈత కొట్టొచ్చు, పడవ కట్టుకోవచ్చు. గోడ మాత్రం లేవకూడదు.

పిన్ని ముప్పై ఏళ్లు హాస్టలు వంటగదిలో గరిటె తిప్పి, రెండేళ్ల కిందట ఇక్కడ రెండు గదులు కట్టుకుంది. సెలవులకు సరస్సు చూడ్డానికి వచ్చేవాళ్లు అందులో దిగుతారు. ఏడో నంబరు రాయి నుంచి గది గోడకు కొలిచింది టేపమ్మే. ముప్పై ఒకటిన్నర మీటర్లు. అనుమతి కాగితం మీద సంతకమూ టేపమ్మదే. పోయిన వారం ఆఫీసు నుంచి కొత్త కుర్రసర్వేయరు వచ్చి కొలిస్తే అదే దూరం ఇరవై ఏడు మీటర్లయింది. రెండు గదులూ పోవాల్సిందేనని నిన్న సాయంత్రం ఆర్డరు వచ్చింది.

టేపమ్మ తన పై అధికారి, పట్టణ ఇంజనీరు గారికి ఫోను చేసింది.

"సార్, నేను కొలిచినప్పుడు ముప్పై ఒకటిన్నర ఉంది. రాసి పెట్టాను."

"రాసింది నువ్వు, ఇల్లు మీ పిన్నిది. టేపు సాగిందా, చుట్టరికం సాగిందా?"

టేపమ్మ చెవులు ఎర్రబడ్డాయి. "రాయి జరిగి ఉంటుంది సార్."

"రాళ్లు వాటంతటవి నడవవమ్మా. జరిగిందంటే ఎవడో జరిపాడు. తొమ్మిదో నిబంధన గుర్తుందా? రాయిని నా ఎదురుగా పాత చోటికి తేవాలి, మళ్లీ కొలవాలి, జరిపిన మనిషెవరో ఫారంలో రాయాలి. ఈ మూడూ జరిగితే ఆర్డరు రద్దు. 'ఎవరో' అని రాస్తే చెల్లదు. అప్పుడు రాయికి ఎదురుగా ఉన్న ఇంటివాళ్లే జరిపినట్టు లెక్క. ఆ నిబంధన రాసింది నేనే."

"మీరొకసారి ఇక్కడికొచ్చి చూస్తే..."

"ఆ ఒడ్డుకా? నాకు మ్యాపు చాలు. ఇసుక బూట్లలో పడుతుంది. పన్నెండుకు ఎలాగూ రాక తప్పదుగా, వస్తాను."

ఫోను పెట్టేశాడు. కఠినమైన మనిషే కానీ చెడ్డవాడు కాదు. సొంత తమ్ముడి అరుగు రెండంగుళాలు ముందుకొచ్చిందని కొట్టించిన ఘనుడు.

టేపమ్మ పలుగూ పారా పట్టుకుని ఏడో రాయి దగ్గరకు నడిచింది. రాయి మీద బాబాయి కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆయన ముందు ఇసుకలో వాలీబాల్ కోర్టు. ఆదివారాలు పొద్దున్నే ఊళ్లో పొట్టలున్న మగవాళ్లంతా అక్కడ ఎగురుతారు. బాబాయి వాళ్లకు అంపైరు. ఆదివారం తొమ్మిది దాకా దుప్పటి తీయని టేపమ్మ ఆ ఆట ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు.

"లే బాబాయ్. నీ ఇల్లు కూలుతుంటే పేపరేమిటి?"

"కంగారుపడి చేసేదేముంది తల్లీ. మీ పిన్ని తొట్టిలో ఉంది. ఆవిడ్ని దింపగలిగినవాడు ఇంకా పుట్టలేదు." బాబాయి లేచాడు కానీ ఆమె కళ్లలోకి చూడలేదు.

టేపమ్మ తవ్వడం మొదలుపెట్టింది. హద్దురాయి పాతేవాళ్లకు ఒక అలవాటుంది. గుంటలో ముందు బుట్టెడు బొగ్గులు పోసి, వాటి మీద రాయి దించుతారు. బొగ్గు కుళ్లదు, చెదపట్టదు, నూరేళ్లయినా అలాగే ఉంటుంది. పైన రాయిని ఎవడు కదిపినా కింద బొగ్గు అక్కడే ఉండిపోయి సాక్ష్యం చెబుతుంది. ఇది సర్వేయర్లు ఒకరికొకరు చెప్పుకునే మాటే తప్ప ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఒక అడుగు తవ్వింది. ఇసుక. రెండడుగులు తవ్వింది. ఇసుక. రాయి అడుగు కనిపించింది. దాని కింద కూడా శుభ్రమైన, తెల్లటి ఇసుక.

"బొగ్గు లేదు!" అని అరిచింది.

"పొయ్యి వెలిగిస్తావా ఏమిటే?" తొట్టిలోంచి పిన్ని కేకేసింది.

"రాయి జరిగింది పిన్నీ! ఇది దీని చోటు కాదు!"

మరి అసలు చోటేది? ఆరో రాయి నుంచి ఎంత, ఎనిమిదో రాయి నుంచి ఎంత అన్నది ఆమె దగ్గర రాసి ఉంది. రెండు రాళ్ల దగ్గరా రెండు టేపులు పట్టుకుంటే, అవి కలిసే చోటే ఏడో రాయి పుట్టిల్లు. బాబాయి ఒక టేపు పట్టుకున్నాడు. రెండో టేపు పట్టేవాళ్లెవరా అని చూస్తుంటే పక్క రిసార్టు మీసాలాయన గేటు దగ్గర నిలబడి తమాషా చూస్తున్నాడు. పిన్ని మీద ఆఫీసుకు అర్జీ పెట్టింది ఆయనే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"ఇలా రండి," అంది టేపమ్మ. "ఫిర్యాదు పెట్టే చేతులు టేపు కూడా పట్టగలవు."

మీసాలాయన ఉక్రోషంగా వచ్చాడు. "నేను మీ పిన్ని మీద పగతో పెట్టలేదమ్మా. బట్టలు మార్చుకునే గదులు కట్టుకుంటానంటే, ఏడో రాయి నుంచి కొలిచి ఇరవై ఏడే ఉంది, కుదరదన్నారు. నాకు కుదరనిది ఆవిడకెలా కుదిరిందని అడిగాను. తప్పా?"

టేపమ్మ ఆయన వంక పరీక్షగా చూసింది. రాయి ఇళ్ల వైపు జరిగితే ఈయనకూ నష్టమే. తన గదుల్ని తనే పోగొట్టుకునే తెలివితక్కువ పని ఎవడూ చేయడు.

"రాయి మీరే ఎత్తారేమో అనుకున్నాను."

"నేనా? పోయిన నెలే హెర్నియా ఆపరేషనయింది. చెంబుడు నీళ్లు ఎత్తితే మా ఆవిడ అరుస్తోంది!" అని మీసాలాయన టేపు కొస అందుకున్నాడు.

రెండు టేపులూ సాగదీశారు. అవి కలిసిన చోటు చూసి టేపమ్మ నోరు తెరిచింది. సరిగ్గా వాలీబాల్ కోర్టు నడుమ, నెట్టు కింద.

పార పట్టింది. మీసాలాయన కూడా ఊపిరి బిగబట్టి వంగి చూశాడు. రెండడుగుల లోతున పార కొస కరకరమంది. ఇసుక నల్లబడింది. గుప్పెడు తీసి చూస్తే పాతకాలపు బొగ్గు, చెయ్యి నిండా మసి.

టేపమ్మ ఆ మసి చేతులతోనే ఎగిరి గంతేసింది. అక్కణ్నుంచి కోర్టు పక్కగీత దగ్గరున్న రాయి దాకా కొలిస్తే నాలుగున్నర మీటర్లు. ముప్పై ఒకటిన్నరలోంచి నాలుగున్నర తీసేస్తే ఇరవై ఏడు. లెక్క తాళం పడ్డట్టు కుదిరింది. వర్షాలకు నీళ్లు పాత కోర్టును మింగేస్తే, మనవాళ్లు నెట్టును ఇటు తెచ్చి పాతుకున్నారు. నడుమ రాయి అడ్డమొచ్చింది. ఎత్తి పక్కగీత దగ్గర పాతేశారు. అంపైరుకు కుర్చీ కూడా అమిరింది.

ఆమె మెల్లగా బాబాయి వైపు తిరిగింది.

"బాబాయ్."

"ఊఁ."

"ఈ కుర్చీ నీకెవరు వేశారు?"

"నేను అంపైరుని తల్లీ. ఆటగాళ్ల మీద బయట ఫిర్యాదు చెప్పకూడదు."

"ఇల్లు పోతోంది బాబాయ్!"

"అందుకే రాత్రి నుంచీ అన్నం సయించడం లేదు." ఆయన ముఖం నిజంగానే పీక్కుపోయి ఉంది. "అది నంబరు రాయి అని మాకెవరికీ తెలీదమ్మా, నువ్వు కొలిచిన రోజు నేను ఊళ్లో లేను కదా. నిండా పాచి. పడవలు కట్టుకునే పాత రాయేమో అనుకున్నాం. మొన్న ఆ కుర్రాడొచ్చి గీకితే ఏడు కనపడింది. అప్పట్నుంచీ ఒక్కడికీ నోట మాట లేదు."

"ఒక్కడికీ అంటే ఎవరెవరు?"

బాబాయి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

పదకొండూ పది. టేపమ్మ స్కూటరు ఎక్కి మూడు వీధులు దాటి సెలూన్ ముందు ఆపింది. ఊళ్లో రహస్యాలన్నీ తల దువ్వుకునేది అక్కడే. సెలూనాయన ఒక పెద్దమనిషి చెంపకు సబ్బు నురగ పట్టిస్తున్నాడు. అద్దంలో టేపమ్మను చూడగానే బ్రష్షు జారి పెద్దమనిషి ముక్కులోకి వెళ్లింది.

"ఏడో రాయి," అంది టేపమ్మ.

"నాకేం తెలీదమ్మా."

"నేనింకా ఏమీ అడగలేదు."

సెలూనాయన కుప్పకూలినట్టు బల్ల మీద కూర్చున్నాడు. "నేనొక్కణ్నేనా? పోస్ట్‌మ్యాన్ పట్టాడు, బేకరీ ఆయన పట్టాడు, పళ్ల డాక్టరు గారు పట్టారు. ఐదుగురం పట్టి ఎత్తాం."

"నలుగురినే చెప్పారు."

సెలూనాయన తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

"ఐదోవాడెవరు?"

"ఆ ఐదో మనిషే ఎత్తమన్నది. బంతి కోసం దూకి ఆ రాయి మీద పడి కాలి బొటనవేలు చితక్కొట్టుకున్నాడు. 'దీన్ని తీసి అవతల పారేస్తారా, నన్ను ఆట మానేయమంటారా' అని కూర్చున్నాడు. మా జట్టులో సర్వీసు అవతలికి వెళ్లేది ఆయనొక్కడిదేనమ్మా. ఏం చేస్తాం, తీశాం."

"పేరు చెప్పండి."

"చంపినా చెప్పను."

"మా పిన్ని గదులు పోతున్నాయండీ. ఆవిడ మీకు వారం వారం కేకు పంపుతుందే, ఆ మాత్రం విశ్వాసం లేదా?"

"ఉంది కనకే ఇంతవరకు చెప్పాను." సెలూనాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆయన పేరు చెబితే రేపు ఈ సెలూన్ కూడా ముప్పై మీటర్ల లోపలికి వచ్చేస్తుంది తల్లీ."

"ఇది సరస్సుకు కిలోమీటరు దూరంలో ఉంది!"

"అయినా వచ్చేస్తుంది."

సగం గడ్డంతో ఉన్న పెద్దమనిషి అద్దంలోంచి టేపమ్మను చూసి, నాకూ భయంగానే ఉందన్నట్టు తలూపాడు.

బేకరీ ఆయన బన్నుల వెనక దాక్కున్నాడు. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం అందిస్తూ, పేరు లేని ఉత్తరం చేర్చడం తన వల్ల కాదని దణ్నం పెట్టాడు. పళ్ల డాక్టరు నోట్లో చెయ్యి పెట్టించుకున్న పేషెంటులా "ఆఁ, ఆఁ" అనడం తప్ప ఒక్క మాటా స్పష్టంగా పలకలేదు. నలుగురినీ కలిపి ఒక్క మాటే అడిగింది టేపమ్మ.

"పేరు చెప్పకపోతే మానెయ్యండి. ఎత్తిన రాయిని తిరిగి తెచ్చి గుంటలో పెట్టనన్నా పెడతారా?"

పెడతామన్నారు. సిగ్గుతో తలలు వంచుకుని వెంట వచ్చారు.

పన్నెండు కావడానికి ఐదు నిమిషాలుందనగా ఇంజనీరు గారి జీపు ఆగింది. కోటు, టై, నిగనిగలాడే బూట్లు. ఒక చేతిలో ఆర్డరు, ఇంకో చేతిలో తొమ్మిదో నిబంధన ఫారం. తొట్టిలో ఉన్న పిన్నిని ఒకసారి తలెత్తి చూశాడు.

"దిగండమ్మా."

"మీరే పైకి రండి, చోటుంది."

ఇంజనీరు గారు దగ్గి, టేపమ్మ వైపు తిరిగాడు. అప్పుడు ఆయన కళ్లు రాయి మీద పడ్డాయి. దాని చుట్టూ నిలబడిన నలుగురి మీద పడ్డాయి. నలుగురూ ఒకేసారి ఆకాశంలోకి చూశారు.

"ఈ రాయి... ఇక్కడెందుకుంది?"

"ఇదే సార్, ఏడో నంబరు. అసలు చోటు అదిగో, ఆ గుంట. అడుగున బొగ్గు దొరికింది."

ఇంజనీరు గారు గుంట దాకా నడిచి వెళ్లి, లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. 

"బొగ్గు... పాతదే," అన్నాడు చివరకు, గొంతు తగ్గించి. "సరే. రాయి తెచ్చి పెట్టించు. కొలువు. తరవాత ఫారం సంగతి చూద్దాం."

నలుగురూ వంగి రాయిని పట్టారు. మూలిగారు. రాయి ఒక పక్కకు వాలి మళ్లీ నిలబడింది. టేపమ్మ వెళ్లి ఐదో వైపు పట్టింది. ఈసారి లేచినట్టే లేచి, పోస్ట్‌మ్యాన్ వైపు ఒరిగింది. ఆయన కెవ్వుమని వెనక్కు దూకాడు.

"డ్రైవరన్నా, నువ్వన్నా ఓ చెయ్యి వెయ్యి!"

"నా ఆర్డరులో కూల్చడం ఒక్కటే ఉందమ్మా. ఎత్తడం, దించడం లేవు."

"పోనీ మిషనుతో ఎత్తకూడదూ?" అన్నాడు మీసాలాయన.

"తొట్టి ఖాళీ లేదు," అంది పిన్ని పైనుంచి.

మళ్లీ పట్టారు. మళ్లీ ఒరిగింది. బేకరీ ఆయన లాగుతున్న వైపుకు సెలూనాయన తోస్తున్నాడు. డాక్టరు గారు చేతులు పాడవుతాయని రెండే రెండు వేళ్లు ఆనించాడు. పక్కన నిలబడి చూస్తున్న ఇంజనీరు గారి ముఖం ఎర్రబడింది, తెల్లబడింది, మళ్లీ ఎర్రబడింది. ముప్పై ఏళ్లుగా వంతెనలు కట్టించిన మనిషి. కళ్లెదుట ఒక బరువును ఇంత అడ్డదిడ్డంగా ఎత్తుతుంటే ఆయన పళ్లు పటపటలాడాయి.

వాచీలో పెద్దముల్లు పన్నెండు మీదకు వచ్చింది. రాయి నాలుగోసారి ఒరిగింది.

"నడుములు కాదయ్యా, మోకాళ్లు వంచండి!" ఇంజనీరు గారు కోటు విప్పి మీసాలాయన భుజం మీద పడేశాడు. "పోస్టూ, నువ్వు కుడి పక్కకి రా. బేకరీ, వెనక నువ్వు. సెలూనూ, తొయ్యకు, ఎత్తు! డాక్టరుగారూ, అరచెయ్యి పూర్తిగా పెట్టండి, పోయినసారిలా జార్చకండి, ఈ రాయికి నా రెండో బొటనవేలు కూడా..."

అంటూనే వచ్చి, టేపమ్మను పక్కకు జరిపి ఐదో వైపు రెండు చేతులూ వేసి పట్టాడు. చేతులు అలవాటు పడ్డ చోటికే వెళ్లినట్టు వెళ్లాయి.

"ఒకటి, రెండు, ఊఁ!"

రాయి పువ్వులా లేచింది.

లేచాక ఆయన ఆగిపోయాడు. తనేమన్నాడో ఆయన చెవులకు అప్పుడే చేరింది. నలుగురు ఆటగాళ్లూ నాలుగు దిక్కులు చూశారు. చేతిలో అంత బరువుంది, వదలడానికి లేదు, పారిపోవడానికి లేదు. ఐదుగురూ కిక్కురుమనకుండా నాలుగున్నర మీటర్లూ నడిచి, రాయిని బొగ్గు మీద దించారు. ఇసుక తోసి గట్టిగా తొక్కారు.

టేపమ్మ టేపు కొస రాయికి ఆనించి, రెండో కొస పట్టుకుని గది గోడ దాకా నడిచింది. ఆమె భయం ఫారంలో రాయాల్సిన పేరు గురించి. కొలత గురించి కాదు. అది ఎంతో ఆమెకు తెలుసు.

"ముప్పై ఒకటిన్నర!"

పిన్ని తొట్టిలోనే లేచి నిలబడింది. డ్రైవరు ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టాడు.

"ఇంకా అవలేదు," అన్నాడు ఇంజనీరు గారు. నుదురు తుడుచుకుని, ఫారం తీసి టేపమ్మకు అందించాడు.  "రాయి చోటికి వచ్చింది. కొలత సరిపోయింది. మూడో గడి ఖాళీగా ఉంది. అది ఖాళీగా ఉంటే ఈ గోడ నిలబడదు. నా ముందు రాసి, అందరికీ వినపడేలా చదవాలి. నిబంధన అది."

ఆయనే తన జేబులోని పెన్ను తీసి మూత విప్పి ఇచ్చాడు.

టేపమ్మ పెన్ను పట్టుకుంది. తన సెలవు చీటీల మీద సంతకం చేసే పెన్ను. ఏడాది చివర తన పనికి మార్కులు వేసే పెన్ను. ఆమె ఒక్క క్షణం పిన్ని వైపు చూసింది. పిన్ని బఠాణీల గిన్నె గుండెలకు హత్తుకుని చూస్తోంది. బాబాయి పేపరు ఇసుకలో పడిపోయి ఉంది.

టేపమ్మ బండి సీటు మీద ఫారం పెట్టి, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు రాసింది. తరవాత గొంతు సవరించుకుని, ఆరో రాయి నుంచి ఎనిమిదో రాయి దాకా వినపడేంత గట్టిగా చదివింది.

"ఏడో నంబరు రాయిని దాని చోటు నుంచి జరిపించినవారు, మన పట్టణ ఇంజనీరు గారు."